నాలుగు చదివి నలభైకి పెట్టిన టిక్కు

"నలభై అక్షరాలూ చదివారా మామ్మగారూ?"

"టిక్కు కనపడట్లేదా?"

"టిక్కు సంగతి కాదండి. చదివారా అని అడుగుతున్నాను."

"చదవకుండా టిక్కు పెట్టే మనిషినా నేను? ఆరేళ్ల నుంచి చూస్తున్నావు."

"మరి ఆ శివారు లాకు పెట్టెలో ఉన్న కీ మన పుస్తకంలో ఉన్న కీ ఎందుకు కాలేదు?"

"ఆ లాకు మీద ఉన్న లస్కర్ని అడుగు. అక్కడి గది తాళం అతని దగ్గరే కదా ఉండేది. నా దగ్గర నుంచి మంచి పెట్టే వెళ్లింది."

"చివరి నాలుగు అక్షరాలు మాత్రం కలిశాయండి. ముందు ముప్పై ఆరూ వేరు. ఆ నాలుగూ కలిసేదాకా ఎవరో పనిగట్టుకుని చేసిన కీ ఇది."

"ఆ నాలుగూ పెట్టె అడుగున స్టిక్కరు మీద ఉంటాయి. ఎవడైనా చూస్తాడు."

"చూస్తారు. ఆ నాలుగూ కలిస్తే చాలని ఎవరికి తెలుసు?"

నన్ను దొంగనంటున్నావా అని గొంతు పెంచాను. భారతి అలా అనలేదు. అనలేదని నాకూ తెలుసు.

భారతి మా కంపెనీలో ఇంజనీరు. నేను అదే కంపెనీలో కీల గదికి కాపలా మనిషిని. ఈ మాటలు రాజమండ్రి దానవాయిపేటలో, మేడ మీద చివరి గదిలో, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు జరిగాయి. లస్కరు పేరు అబ్బులు. అతన్ని నేను ఎన్నడూ చూడలేదు. కాలవ చివర శివారు భూములకి నీళ్లు వదిలే లాకు మీద అతని పని. మర్నాడు పొద్దున్న మా కంపెనీ నుంచి కాలవల ఆఫీసుకి ఒక ఉత్తరం వెళ్లాలి. నీటి మట్టం కొలిచే పెట్టె మా దగ్గర నుంచి సవ్యంగానే వచ్చిందని అందులో రాస్తే, లాకు దగ్గరే ఎవరో దాన్ని మార్చారని అర్థం. అక్కడి తాళం ఉన్నది అబ్బులు ఒక్కడి దగ్గరే. అతని ఉద్యోగం పోతుంది. ఆ ఉత్తరానికి ఆధారం ఒకటే, నా పుస్తకంలో నేను పెట్టిన టిక్కు.

ఆ పెట్టెకి నేను నలభై చదవలేదు. నాలుగు చదివాను.

గోనె సంచుల గది

ఇప్పుడు ఆ కీల గదిలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. పెద్ద చదువు చదివింది. పని ఏంటో చెప్పండి మామ్మగారూ అని అడిగింది. నోటితో చెబితే సగం మరిచిపోతాను, అందుకని రాస్తున్నాను. జీతాల సంగతీ ఫైళ్ల సంగతీ ఇందులో ఉండవు. అవి ఎవరైనా చెబుతారు.

మాది తుని దగ్గర పల్లె. అయిదో తరగతి సగంలో మానేశాను. తెలుగు చదవడం, రాయడం, కూడికలు వచ్చు. ఇంగ్లీషు రాదు. మా ఆయన పోయాక, మా అమ్మాయికి పెద్దాపురంలో సంబంధం చేసి, రాజమండ్రి దగ్గర ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరాను. గోనె సంచుల గదికి తాళం నా దగ్గర ఉండేది. పన్నెండేళ్లు ఉంది.

అక్కడి మేస్త్రీ నాకు మొదటి గురువు. మంచివాడని చెప్పను, నోరు పాడు. కానీ ఒక మాట సరిగ్గా చెప్పాడు. తాళం పట్టుకున్న మనిషికి లోపలి సరుకుతో పని ఉండకూడదు, అడిగినవాడి మీద ప్రేమా ఉండకూడదు, చీటీ ఉందా లేదా అంతే చూడాలి అన్నాడు. ఒకసారి మిల్లు యజమాని అల్లుడు చీటీ లేకుండా సంచులు అడిగితే ఇవ్వలేదు. ఆయన నలుగురిలో నన్ను నానా మాటలూ అన్నాడు. నేను గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ ఉండిపోయాను. ఆ రోజు మోటార్లు బాగుచేయడానికి వచ్చిన ప్రసాదరావు గారు అది చూశారట.

రెండు వేల సంవత్సరం దాటాక ప్రసాదరావు గారు సొంత కంపెనీ పెట్టారు. కాలవల మీద లాకుల దగ్గర నీటి మట్టం కొలిచే పెట్టెలు చేసేవారు. పెట్టెలో చిన్న కంప్యూటరు ఉంటుంది. నీళ్లలో ఒక బుడ్డి తేలుతుంది, అది ఎంత ఎత్తులో ఉందో పెట్టె చదివి ఫోను లైను మీద ఆఫీసుకి చెబుతుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు వంతులవారీగా వదులుతారు. ఎగువ రైతుకి ఒక రోజు ఎక్కువైతే శివారు రైతు చేలో నెర్రెలు పడతాయి. అందుకని ఆ పెట్టె అబద్ధం చెప్పకూడదు. దాని చేత అబద్ధం చెప్పించాలని చూసేవాళ్లు కాలవ పొడవునా ఉంటారు.

ఆయన మిల్లుకి వచ్చి నన్ను పిలిచారు. నాకు కంప్యూటర్లు రావండీ అన్నాను. "రాకపోబట్టే రమ్మంటున్నాను రత్నమ్మగారూ" అన్నారు.

రెండు కీలు

ఇనుప తాళానికి ఒకటే చెవి. వేసేదీ తీసేదీ అదే. కంప్యూటర్ల వాళ్లు కీ అని చెప్పేది అలా ఉండదు. అది జత. ఒకటి ముద్ర వేస్తుంది. రెండోది ఆ ముద్ర మనదా కాదా అని గుర్తుపడుతుంది, అంతే, వేయలేదు. వేసేదాన్ని దాచాలి. గుర్తుపట్టేదాన్ని పదిమందికీ ఇవ్వవచ్చు.

నేను దాన్ని బస్తా మూతి కుట్టుతో పోల్చుకుని అర్థం చేసుకున్నాను. మా మిల్లు కుట్టు చూసి ఇది ఫలానా మిల్లు బస్తా అని మండపేట షావుకారు చెప్పగలడు. చెప్పగలిగినంత మాత్రాన ఆయన ఆ కుట్టు కుట్టలేడు. పోలిక అంతవరకే. కుట్టు నేర్చుకుంటే వస్తుంది, ఈ ముద్ర నేర్చుకున్నా రాదు.

పెట్టె లోపల అన్నిటికన్నా అడుగున పనిచేసే ప్రోగ్రాముని కెర్నల్ అంటారు. బుడ్డి మాట వినేదీ, ఫోనుకి చెప్పేదీ, గడియారం చూసేదీ అదే. దానికి కొత్త పని నేర్పాలంటే డ్రైవరు అని ఒక చిన్న ప్రోగ్రాము లోపలికి పంపాలి. కెర్నల్ దాన్ని గుమ్మంలో ఆపుతుంది. తన దగ్గర ఒక గుత్తి ఉంటుంది, అందులో ఈ గుర్తుపట్టే కీలు ఉంటాయి. డ్రైవరు మీది ముద్ర ఏ కీకి చెందినదో ఆ గుత్తిలో వెతుకుతుంది. దొరికితే ముద్రని పూర్తిగా పరీక్ష చేసి అప్పుడు రానిస్తుంది. పెట్టె ఒకసారి తయారయ్యాక ఆ గుత్తికి కొత్త కీ చేర్చడం కుదరకుండా కట్టుదిట్టం చేశారు. కీ మారాలంటే కెర్నల్‌నే మొత్తం తీసేసి కొత్తది పెట్టాలి. ఇది నాకు భారతి చెప్పింది. అన్నం తింటూ చెప్పింది. ఆమెకి ఓపిక ఎక్కువ.

నేను రాకముందు కుర్రవాళ్లు ఒక పొరపాటు చేశారు. ముద్ర కోసం డ్రైవరుని ప్రతిసారీ ఆఫీసుకి తీసుకురావడం దేనికని ముద్ర వేసే కీని కూడా పెట్టెలోనే పెట్టి పంపారు. ఎక్కడికక్కడ ముద్ర వేసుకోవచ్చని సుఖం చూసుకున్నారు. ఒక లాకు దగ్గర ఎవరో పెట్టె విప్పి డిస్కు ఎత్తుకుపోయారు. దాంతో అన్ని పెట్టెలూ వెనక్కి తెచ్చి కొత్త జత చేయాల్సి వచ్చింది. అప్పుడే ప్రసాదరావు గారు మేడ మీద గది కట్టించి, ముద్ర వేసే కంప్యూటరు అందులో పెట్టి, దానికి ఏ వైరూ తగిలించకుండా, డిస్కుని ఇనప్పెట్టెలో పెట్టించారు. ఇనప్పెట్టె చెవి నా దగ్గర. కంప్యూటరు తెరిచే మాట, పాస్‌వర్డు అంటారు, అది భారతి దగ్గర. ఒకరు లేకుండా ఇంకొకరు ఏమీ చేయలేరు.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను ఖచ్చితంగా చెప్పేది ఇది. ముద్ర వేయించుకోవాల్సిన వస్తువు గదికి రావాలి. కీ గది దాటకూడదు. ఎంత తొందరున్నా సరే.

ఆ గదిలో కూర్చోవడం

పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. పొద్దున్న పదకొండు గంటలకీ సాయంత్రం నాలుగు గంటలకీ గది తెరవాలి. ఎవరొచ్చారో, ఏం తెచ్చారో పుస్తకంలో రాయాలి. భారతి ముద్ర వేస్తుంటే చూడాలి. డిస్కు మళ్లీ లోపల పెట్టాలి. పెట్టెలు బయటికి పంపేముందు ఒక్కొక్క పెట్టెలోని కీ మన కీయేనా అని సరిచూడాలి.

కీ మొత్తాన్ని మనిషి చదవలేడు. దానికి వేలిముద్ర అని నలభై అక్షరాలు ఉంటాయి. అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు ఇంగ్లీషు అక్షరాలూ. నాకు వచ్చిన ఇంగ్లీషు ఆ ఆరే. ఒకరు పెట్టె తెర మీద చూసి పైకి చదవాలి, నేను పుస్తకంలో అక్షరం అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ పోవాలి. కలిస్తే టిక్కు.

మిగతా రోజంతా కూర్చోవడమే. కిటికీ తెరవకూడదు. రేడియో పెట్టుకోకూడదు. కింద ఎవరైనా ఏదైనా అడిగితే ఏమీ చెప్పకూడదు. మొదట్లో కిందివాళ్లు టీ తాగేటప్పుడు పిలిచేవారు. నేను వెళ్లి కూర్చుంటే మాటలు ఆపేసేవారు. ఈవిడ పెద్దాయన మనిషి అనుకునేవారు. కొన్నాళ్లకి పిలవడం మానేశారు. నేనూ వెళ్లడం మానేశాను. ఒకసారి భారతి సెలవులో ఉంటే ప్రసాదరావు గారే పైకొచ్చి, ఆ మాట నాకు తెలుసు, ఇనప్పెట్టె తియ్యండి అన్నారు. తీయనండీ అన్నాను. మొహం కందగడ్డలా చేసుకుని దిగిపోయారు. వారం పాటు పలకరించలేదు. తరువాత కూడా ఆ సంగతి ఎత్తలేదు. యజమాని అంటే అంతే, తను పెట్టిన నియమం తనకి అడ్డొస్తే కోపమొస్తుంది. ఆ కోపం మనం పడాలి.

ఆ కంపెనీలో నాతో కూర్చుని అన్నం తిన్నది భారతి ఒక్కతే. ఒంటిగంటకి డబ్బా పట్టుకుని పైకొచ్చేది. నేను తెచ్చిన పచ్చడి వేసుకునేది, తను తెచ్చిన కూర నాకు పెట్టేది. ఇంటికెళితే నా గదిలో నేనొక్కదాన్నే. మా అమ్మాయి దగ్గరికి ఏడాదికోసారి మరిడమ్మ జాతరకి వెళ్లేదాన్ని. మనవలు రెండు రోజులు చుట్టూ తిరిగి మూడో రోజు వాళ్ల ఆటల్లో వాళ్లు పడేవారు. ఆ అరగంట అన్నం లేకపోతే రోజులో నేను నోరు విప్పేది నలభై అక్షరాలకే.

తోక చాలు

నాకు దుబారా పడదు. అరిగిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అంటించి వాడతాను. గిన్నె కడిగిన నీళ్లు మొక్కకి పోస్తాను. ఆ బుద్ధే ఇక్కడ నన్ను ముంచింది.

పెట్టెలు పంపే పని శ్రీనివాస్‌ది. సామర్లకోట నుంచి రోజూ రైలు మీద వచ్చేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. సాయంత్రం పాసింజరు తప్పితే ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయేవారు. అతను చదివేవాడు, నేను వేలు పెట్టేదాన్ని. అయిదారు పెట్టెలున్న రోజున నాకు కళ్లు నీరు కారేవి. అతను గడియారం చూసేవాడు. ఒక్కసారి కూడా ముప్పై ఆరు కలిసి చివరి నాలుగు కలవకపోవడం, నాలుగు కలిసి ముప్పై ఆరు కలవకపోవడం నేను చూడలేదు. కలిస్తే అన్నీ కలిసేవి, లేకపోతే ఏదీ కలిసేది కాదు. మరి అన్ని అక్షరాలు దండగ కదా అనిపించింది.

ఒకరోజు భారతిని అడిగాను, కెర్నల్ కూడా నలభై చూస్తుందా అని. "గుత్తిలో వెతికేటప్పుడు చివరి అక్షరాలు కలిస్తే చాలండి, అదే కీ అనుకుని తీసుకుంటుంది" అంది. ఆ మాట పట్టుకున్నాను. అంత తెలివైన యంత్రానికి చాలినది నాకు చాలదా అనుకున్నాను. భారతి చెప్పినదాంట్లో రెండో సగం నేను లెక్కలోకి తీసుకోలేదు. కెర్నల్ తోక చూసి వెతుకుతుంది, వెతికి తీసుకున్నాక ముద్రని మాత్రం ఆసాంతం పరీక్ష చేస్తుంది. నేను వెతకడం దగ్గరే ఆగిపోయి నమ్మేశాను. వెతకడం వేరు, నమ్మడం వేరు. ఈ ఒక్క వాక్యం కోసం మిగతాదంతా రాస్తున్నాను అనుకోండి.

మర్నాటి నుంచి శ్రీనివాస్‌తో "తోక చెప్పు, చాలు" అనేదాన్ని. అతను నాలుగు చదివేవాడు. నేను నలభై అక్షరాల గడిలో టిక్కు పెట్టేదాన్ని. రెండేళ్లు అలా గడిచింది. భారతికి తెలియదు.

తరువాత ఆ శివారు లాకు పెట్టెకి కొత్త డ్రైవరు పంపారు. గదిలో ముద్ర వేసి, నా ఎదురుగా, అన్నీ సవ్యంగా చేసి పంపినది. పెట్టె దాన్ని రానివ్వలేదు. కీ లేదు అని చెప్పి ఉంటే భారతికి వెంటనే తెలిసేది. అది అలా అనలేదు, కీ ఉంది, ముద్ర చెల్లదు అంది. ఈ రెండు తిరస్కారాలకీ తేడా తెలుసుకోండి. మొదటిది అయితే పెట్టె మనల్ని ఎరగదు. రెండోది అయితే ఎరుగుదుననుకుని ఇంకెవరినో చూస్తోంది. భారతి రెండు రోజులు తన ముద్రలో తప్పుందని వెతుక్కుంది. చివరికి బస్సెక్కి ఆ లాకు దగ్గరికి వెళ్లి, పెట్టె కడుపులో ఉన్న కీ నలభై అక్షరాలూ కాగితం మీద రాసుకొచ్చింది. ఆ కాగితం నా పుస్తకం పక్కన పెట్టిన మధ్యాహ్నమే మొదట చెప్పిన గొడవ.

ఈలోగా కాలవల ఆఫీసు వాళ్లకి కబురు తెలిసిపోయింది. ఎగువ రైతులు అబ్బులుకి టీలు పోయించి వంతు మార్చుకుంటున్నారని ముందునుంచే అనుకునేవారట. వాళ్లకి కావలసింది మా ఉత్తరం ఒక్కటే. ప్రసాదరావు గారు కింద టైపు చేయించేశారు. సంతకం పొద్దున్న పెడతానన్నారు.

శ్రీనివాస్ బల్ల దగ్గర

ఆ నాలుగూ కలిస్తే చాలని ఎవరికి తెలుసు అని భారతి అడిగింది కదా. ఇద్దరికి తెలుసు. నాకు, శ్రీనివాస్‌కి.

గది తాళం వేసి కిందికి దిగాను. అతను సంచీ సర్దుకుంటున్నాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ అలా కూర్చోలేదు. అతనికి అర్థమైపోయింది.

ఏం చేశాడో దాచకుండానే చెప్పాడు. డ్రైవరు బాగుచేసి పరీక్ష చేయాలంటే ప్రతిసారీ ముద్ర కావాలి. గది రోజుకి రెండుసార్లే తెరుస్తాం. నాలుగు గంటలకి వరుసలో నిలబడితే రైలు పోతుంది. అందుకని పరీక్షల కోసం తన కంప్యూటర్లో సొంత జత ఒకటి చేసుకున్నాడు. ఆ కీ పెట్టిన పెట్టె పొరపాటున నా ముందుకొస్తే తోక కలవక నేను అరుస్తానని, తోక కలిసే కీ దొరికేదాకా కంప్యూటర్ని వదిలేశాడు. వేలకొద్దీ జతలు చేసి పారేస్తూ రెండు రోజులకి ఒకటి పట్టిందట. పంపేముందు అసలు కీ పెట్టేద్దామనే అనుకున్నాడు. కొన్నిటికి పెట్టాడు. కొన్నిటికి మరిచిపోయాడు.

"ఎన్నిటికి నాయనా?"

"గుర్తులేదండి."

"ఆ ముద్ర వేసే కీ ఎక్కడుంది?"

బల్ల మీది కంప్యూటర్ని చూపించాడు. ఆ బల్ల దగ్గర అందరూ కూర్చుంటారు. లాకులకి వెళ్లే కుర్రవాళ్లు దాన్నుంచే ఫైళ్లు తీసుకుంటారు. అంటే ఆ పెట్టెల చేత ఏమైనా చెప్పించగలిగే కీ నా ఇనప్పెట్టెకి ఒక అంతస్తు కింద బట్టబయలుగా ఉంది. ఎవరైనా దాన్ని వాడారా లేదా అన్నది ఈ రోజుకీ నాకు తెలియదు.

అతన్ని తిట్టాలని నోరు తెరిచాను. ఏమని తిట్టను? అతను నియమం తప్పింది రైలు కోసం. నేను తప్పింది కళ్లు నొప్పెడతాయని.

శ్రీనివాస్ గొంతు తగ్గించి అన్నాడు. "మీరు నలభై చదివానన్నారంట కదా మామ్మగారూ, భారతి గారు ఇందాక కిందికొచ్చి చెప్పారు. అదలా ఉండనివ్వండి. పెట్టెలు నేను మెల్లగా ఒక్కొక్కటే మార్చేస్తాను. మీరు చెప్పకపోతే నాకూ చెప్పాల్సిన పని లేదు."

"ఆ లస్కరో?"

"వాళ్లకి అలవాటేనండి. ఇంకో లాకు మీద వేస్తారు."

వేయరని ఇద్దరికీ తెలుసు. నేను లేచి వచ్చేశాను. సరే అనలేదు, కాదనీ అనలేదు. ఇక్కడ నిజం రాయాలి. గుమ్మం దాటి వీధిలోకి వచ్చేదాకా నా ప్రాణానికి హాయిగానే ఉంది. ఇంకా ఎవరికీ తెలియదు, గది నాకు ఉంటుంది, భారతి రేపు ఒంటిగంటకి డబ్బా పట్టుకుని వస్తుంది అనుకున్నాను.

ఇంటికి పోకుండా కోటిలింగాల రేవుకి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. ఆటోల వాళ్లు వరుసగా అడిగి వెళ్లిపోయారు. ఇలాంటి సంగతి ఎవరితోనైనా చెప్పుకుంటే తేలికవుతుంది అంటారు. చెప్పుకోవడానికి నాకున్న మనిషి ఒక్కతే, ఆమెకే అబద్ధం చెప్పాను. మా అమ్మాయికి ఫోను చేద్దామా అనుకున్నాను. దానికి కీ అంటే ఏంటో ముద్ర అంటే ఏంటో మొదటి నుంచి చెప్పాలి. చివరికి, ఉద్యోగం పోతుందా అమ్మా అంటుంది. చేయలేదు.

అబ్బులు ఎలాంటివాడో నాకు తెలియదు. టీలు తాగే ఉండవచ్చు. వంతులు మార్చే ఉండవచ్చు. దానికి శిక్ష పడితే దానికి పడాలి. ఈ పెట్టె మాత్రం అతను ముట్టుకోలేదు. మిల్లు మేస్త్రీ చీటీ ఉందా లేదా అంతే చూడమన్నాడు. ఇక్కడ చీటీ రాసింది నేను. దొంగ చీటీ రాసి, అది చూపించి ఇంకొకణ్ణి దొంగ అనిపిస్తున్నాను. సంచుల గదిలో పన్నెండేళ్లలో నేను అలాంటి పని చేయలేదు.

చీకటి పడేలోగా ఇంటికి వెళ్లి పొద్దుటి అన్నమే తిన్నాను.

మర్నాడు

ఎనిమిదిన్నరకే వెళ్లాను. ప్రసాదరావు గారు వచ్చేదాకా ఆయన గది బయట నిలబడ్డాను. భారతి ఆయన వెనకే వచ్చింది. ఉత్తరం బల్ల మీద ఉంది.

పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. "ఈ టిక్కు అబద్ధమండి. నేను నాలుగే చదివాను. రెండేళ్ల నుంచి నాలుగే చదువుతున్నాను. పెట్టె ఇక్కడి నుంచే తప్పుడు కీతో వెళ్లింది" అన్నాను. శ్రీనివాస్ సంగతి అతన్ని పిలిచి అడగండి అన్నాను. అతను వచ్చి తన పని తను ఒప్పుకున్నాడు. అది అతని మంచితనమని చెప్పను, నేను ముందు చెప్పాను కాబట్టి ఇక దారి లేదు.

ప్రసాదరావు గారు తిట్టలేదు. "ఎన్ని పెట్టెలు రత్నమ్మగారూ?" అన్నారు.

"తెలియదండి. అన్నిటికీ టిక్కులున్నాయి."

ఆయన చాలాసేపు ఆ పుస్తకం పేజీలు తిప్పారు. తరువాత ఉత్తరం చించేసి, పొరపాటు మాదే, లాకు మనిషికి సంబంధం లేదు అని ఇంకొకటి టైపు చేయించి సంతకం పెట్టి పంపారు. శ్రీనివాస్ కంప్యూటర్లో ఆ కీని తన ఎదుటే చెరిపించారు. ఇనప్పెట్టె చెవి ఇమ్మని నా వైపు చెయ్యి చాచారు. ఇచ్చాను. దాన్ని కాసేపు చేతిలో పెట్టుకుని, ఈ రెండేళ్లలో వెళ్లిన పెట్టెలన్నీ సరిచూసేదాకా ఇది నా దగ్గర ఉంటుంది, మీరు పైన పుస్తకం పట్టుకుని కూర్చోండి అన్నారు.

భారతి అంతసేపూ నన్ను చూడలేదు. తలుపు దగ్గర మాత్రం ఆగి, "నిన్న నేను అడిగినప్పుడు చెప్పి ఉండాల్సిందండి" అంది. అవునన్నాను. ఆమె కంప్యూటరు, వైర్లు సంచీలో పెట్టుకుని జీపెక్కింది. ఒక్కొక్క లాకుకీ వెళ్లి, పెట్టెలో ఉన్న కీ చూసి, అక్కడి ఫోను నుంచి నాకు చదవాలి.

నేను మేడ మీదికి వెళ్లాను. ఫోను తీగ కిందినుంచి లాగి గడప బయట పెట్టారు. కుర్చీ అక్కడికే జరుపుకున్నాను. పుస్తకంలో మొదటి పెట్టె పేజీ తీసి పాత టిక్కు మీద గీత కొట్టాను.

పదకొండుంబావుకి ఫోను మోగింది. భారతి లాకు పేరు చెప్పి, చదువుతున్నాను చూసుకోండి అంది. మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. నలభై చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అన్నీ కలిశాయి. కలిశాయి అన్నాను. ఆమె ఫోను పెట్టేసింది.

తరువాతి లాకు నుంచి ఫోను రావడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.